నూటికి నూరు శాతం: నాస్కార్ నియమాన్ని అభిమాని ఎందుకు నమ్మడు?

2013 సెప్టెంబరు 7, శనివారం రాత్రి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ ట్రాక్. నాస్కార్ సంస్థ నడిపే 400 ల్యాప్‌ల కార్ల రేసులో ఇంకా ఏడే మిగిలాయి. ముందున్నది రయన్ న్యూమన్. ఇలాగే ముగిస్తే అతనికి గెలుపుతో పాటు, సీజన్ చివరి పది రేసుల టైటిల్ పోరు 'చేజ్'లో చోటు కూడా ఖాయం. సరిగ్గా అప్పుడే క్లింట్ బోయర్ కారు గిర్రున తిరిగి ఆగిపోయింది. పక్క కారు తగల్లేదు, గోడ తగల్లేదు. వెనకే వస్తున్న డేల్ అర్న్‌హార్ట్ జూనియర్ అది చూసి, ఇంత విచిత్రం ఎప్పుడూ చూడలేదన్నాడు. అందరూ నెమ్మదించాలని చెప్పే పసుపు జెండా పడింది, టైర్లు మార్చే పిట్‌లోకి అందరూ వచ్చారు. టైర్లు మార్చుకునే హడావుడిలో న్యూమన్ వెనకబడ్డాడు. రేసు కార్ల్ ఎడ్వర్డ్స్ గెలిచాడు.

మామూలు క్రీడలో అయితే ఇది అనుమానంగానే మిగిలిపోయేది. స్టాక్ కార్ రేసింగ్‌లో (చూడటానికి మామూలు కార్లలా ఉండే బండ్ల పోటీలో) అలా కాదు. ఇక్కడ ప్రేక్షకుల్లో చాలామంది చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో స్కానర్ ఉంటాయి. సొంతది లేకపోతే ట్రాక్ దగ్గరే అద్దెకు తీసుకోవచ్చు. డ్రైవర్, అతని కారు బృందాన్ని నడిపే క్రూ చీఫ్, స్టాండ్ పైకప్పు మీద నిలబడి దారి చెప్పే స్పాటర్ ముగ్గురూ మాట్లాడుకునేదంతా అందులో వినబడుతుంది. బోయర్ కారు తిరగడానికి కాస్త ముందు అతని క్రూ చీఫ్ అడిగింది కూడా జనం విన్నారు: చెయ్యి నొప్పిగా ఉందా, లోపల బాగా వేడిగా ఉందేమో అని! అంత కీలకమైన ఘడియలో డ్రైవర్ చెయ్యి గురించి అంత ఆదుర్దా ఎందుకో అర్థం చేసుకోవడానికి ఎవరికీ ఎక్కువసేపు పట్టలేదు.

అసలు దెబ్బ ఇంకో సంభాషణలో ఉంది. బోయర్ నడుపుతున్నది మైకేల్ వాల్‌ట్రిప్ రేసింగ్ జట్టు కారు. అదే జట్టులో బ్రయన్ వికర్స్ ఉన్నాడు, చేజ్ అంచున ఊగిసలాడుతున్న మార్టిన్ ట్రూయెక్స్ జూనియర్ ఉన్నాడు. జట్టు పెద్దల్లో ఒకడైన టై నోరిస్ రేడియోలో వికర్స్‌ని పిట్‌లోకి రమ్మన్నాడు. వికర్స్‌కి బుర్ర తిరిగింది. నాతోనేనా మాట్లాడుతున్నది అన్నాడు, టైరులో గాలి పోతోందా అని అడిగాడు. టైరుకేమీ కాలేదు. జట్టుకి కావలసింది ఒక్క పాయింటు. వికర్స్ వెనకబడితే జోయీ లొగానో ఒక స్థానం పైకి వస్తాడు, జెఫ్ గోర్డన్‌ను ఒక్క పాయింటుతో దాటి మొదటి పదిమందిలోకి చేరతాడు. అప్పుడు వైల్డ్ కార్డు చోటు (మొదటి పదిమందిలో లేనివాళ్ళకు గెలుపుల లెక్కన ఇచ్చేది) లొగానోకి పోకుండా ట్రూయెక్స్‌కి మిగులుతుంది. లెక్క బాగానే కుదిరింది, రేడియోలో జనం వినకుండా ఉంటే.

సోమవారం నాస్కార్ తీర్పు చెప్పింది. జట్టుకు 3 లక్షల డాలర్ల జరిమానా, మూడు కార్ల డ్రైవర్లకు తలా 50 పాయింట్ల కోత, నోరిస్‌పై నిరవధిక సస్పెన్షన్. ట్రూయెక్స్ బయటికి, న్యూమన్ లోపలికి. శుక్రవారం నాటికి ఇంకో గొడవ బయటపడింది: లొగానోకు దారివ్వడం గురించి రెండు ఫోర్డ్ జట్ల మధ్య రేడియోలో బేరం లాంటిదేదో నడిచిందని. దాంతో పన్నెండుమందికే చోటున్న చేజ్‌లోకి గోర్డన్‌ను పదమూడోవాడిగా చేర్చారు. అదీ పదమూడో తేదీ శుక్రవారం నాడు!

మర్నాడు చికాగోలాండ్ ట్రాక్ దగ్గర అప్పటి అధినేత బ్రయన్ ఫ్రాన్స్ డ్రైవర్లనూ యజమానులనూ పిలిచి కొత్త నియమం వినిపించాడు. ప్రతి పోటీదారూ తన సామర్థ్యం నూటికి నూరు శాతం పెట్టి, దక్కగల అత్యుత్తమ స్థానం కోసం పోటీపడాలి. కావాలని పసుపు జెండా తెప్పించకూడదు. స్థానం కోసం బేరాలాడకూడదు. మరొకరి కోసం పనిగట్టుకుని పిట్‌లోకి రాకూడదు. కారుకు ఒక్క స్పాటరే పైకప్పు మీద ఉండాలి, అక్కడ డిజిటల్ రేడియోలు చెల్లవు. ఈ చివరిది అభిమానులను ఉద్దేశించిందే అనుకోవచ్చు, స్కానర్లో వినబడని మాట ఇక అక్కడ నడవదన్నమాట.

అయినా అభిమానులు చప్పట్లు కొట్టలేదు. ఇంతకాలం లేకనా ఈ నియమం అని కొందరు వెక్కిరించారు. మిగతావాళ్ళ కోపం శిక్ష పడిన తీరు మీద. బోయర్ కావాలనే తిప్పాడనడానికి గట్టి రుజువు లేదని నాస్కార్ చెప్పింది. 50 పాయింట్లు కోసింది చేజ్ మొదలవ్వకముందటి లెక్కలోంచి. ఎటూ చేజ్‌లో అందరి పాయింట్లూ తిరిగి సర్దుతారు కాబట్టి బోయర్‌కు ఆ కోత చీమ కుట్టినట్టు కూడా లేదు, అతను హాయిగా చేజ్‌లో కొనసాగాడు. ఈ కథలో ఏ తప్పూ చేయని ట్రూయెక్స్ మాత్రం వీధిన పడ్డాడు. అతని స్పాన్సర్, కారు విడిభాగాలు అమ్మే నాపా సంస్థ, ఆ నెలలోనే జట్టుకు గుడ్‌బై చెప్పింది. స్టాక్ కార్ అభిమాని తన డ్రైవర్ కారు మీద ఏ పేరుంటే ఆ సరుకే కొంటాడని ఈ వ్యాపారంలో అందరికీ తెలుసు. అందుకే ఇక్కడ జనం కోపం నాస్కార్ ఆఫీసు కన్నా ముందు స్పాన్సర్ గడప తొక్కుతుంది. 2015 సీజన్‌తో ఆ జట్టే మూతపడింది. ట్రూయెక్స్ కథ మాత్రం అక్కడితో ఆగలేదు. కొలరాడోలోని డెన్వర్ నుంచి నడిచే చిన్న జట్టు ఫర్నిచర్ రో తరఫున 2017లో చాంపియన్ అయ్యాడు.

అభిమాని మనసు తెలియాలంటే ఈ క్రీడ పుట్టుక చూడాలి. దొంగసారా మోసే కార్లు పోలీసులను తప్పించుకు పరిగెత్తిన దక్షిణాది రోడ్ల మీద దీని వేళ్ళున్నాయి. 1948లో బిల్ ఫ్రాన్స్ సీనియర్ నాస్కార్‌ను స్థాపించాడు. మరుసటి ఏడాది జూన్ 19న నార్త్ కరోలినాలోని చార్లట్‌లో జరిగిన మొట్టమొదటి 'స్ట్రిక్ట్‌లీ స్టాక్' రేసులో ముందుగా గీత దాటినవాడు గ్లెన్ డనవే. తనిఖీలో అతని కారు వెనక స్ప్రింగులు సారా బండ్లకు వేసే రకమని తేలింది. గెలుపు రద్దయి జిమ్ రోపర్‌కు పోయింది. కారు యజమాని కోర్టుకెళ్ళినా కేసు నిలవలేదు. అంటే ఈ ఆటకు మోసమూ, మోసం మీద తీర్పూ ఒకే రోజు పుట్టాయి. స్ప్రింగు మార్చి, పెట్రోలు ట్యాంకులో మతలబు చేసి దొరికిన మెకానిక్‌ల కథలను ఇప్పటికీ ముచ్చటగానే చెప్పుకుంటారు. అవి గెలవడానికి చేసిన మోసాలు కదా!

దెబ్బలాటకూ ఇదే సూత్రం. 1999 ఆగస్టులో బ్రిస్టల్‌లో చివరి ల్యాప్‌లో డేల్ అర్న్‌హార్ట్ (జూనియర్ తండ్రి) వెనక నుంచి తగిలి టెర్రీ లబాంటీని తిప్పేసి గెలిచాడు. పడగొట్టాలని కాదు, కాస్త కదిలిద్దామనే అనుకున్నానన్నాడు. ఆ రాత్రి స్టాండ్లు దద్దరిల్లేలా తిట్టారు. అయినా గెలుపు చెక్కుచెదరలేదు, పాతికేళ్ళ తర్వాత కూడా ఆ ల్యాప్ గురించి చెప్పేటప్పుడు జనం కళ్ళు మెరుస్తాయి. 2010లో నాస్కార్ పోటీల విభాగం పెద్ద రాబిన్ పెంబర్టన్ స్వయంగా చెప్పిన మాట సారాంశం: కుర్రాళ్ళూ, కానివ్వండి, మీలో మీరే తేల్చుకోండి. ఇలా చెప్పిన సంస్థే మూడేళ్ళకు నూరు శాతం నిజాయితీ అంటే జనానికి నవ్వు రాక ఏమవుతుంది?

ఇంత జరిగినా ఒకటి గమనించాలి. ఎదుటివాణ్ణి నెట్టి ముందుకెళ్ళేవాణ్ణి అభిమాని తిడతాడు, పొగుడుతాడు, మర్చిపోతాడు. కావాలని వెనకబడేవాణ్ణి మాత్రం క్షమించడు. తను టిక్కెట్టు కొన్నది ఓడిపోవడానికి తొందరపడే మనిషిని చూడటానికి కాదు.

ఇది కార్ల ఆటకే పరిమితం కాదు, తెలుగువాళ్ళకు చేదుగా గుర్తుండే ఉదాహరణే ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్ మహిళల డబుల్స్ బ్యాడ్మింటన్‌లో తేలికైన ప్రత్యర్థి తగలాలని కొన్ని జంటలు కావాలనే ఓడిపోజూశాయి. సర్వీసు నెట్‌లోకి కొడుతుంటే స్టేడియం అంతా ఈలలు, అరుపులు. చైనా, ఇండొనేషియా, రెండు దక్షిణ కొరియా జంటలు, మొత్తం నాలుగింటిని బహిష్కరించారు. గెలవడానికి శాయశక్తులా ప్రయత్నించకపోవడమే అక్కడ మోపిన నేరం. నాస్కార్ మరుసటి ఏడాది రాసుకున్న నియమానికి ఇది అక్క లాంటిది. అదే పోటీలో మన హైదరాబాదీ జ్వాలా గుత్తా, అశ్విని పొన్నప్ప జంట ఒక్క పాయింటు తేడాతో క్వార్టర్ ఫైనల్ చేజార్చుకుంది. తమ గ్రూపులో జపాన్ జంట ఓడిన మ్యాచ్ మీద భారత్ ఫిర్యాదు చేసినా చెల్లలేదు. ఒక్క పాయింటు కోసం ఎవరో ఆగిపోయారేమో అన్న అనుమానం ఎంత చేదో గోర్డన్ అభిమానికి వేరే చెప్పనక్కర్లేదు, జ్వాల అభిమానికీ చెప్పనక్కర్లేదు.

నియమం వచ్చిన కొత్తలో అభిమానులు వేసిన ప్రశ్నలు తేలికవి కావు. అప్పట్లో కొన్ని చిన్న జట్లు నాలుగు ల్యాప్‌లు తిప్పి కారు పక్కన పెట్టి, చివరి స్థానాలకొచ్చే డబ్బు తీసుకుని ఇంటికెళ్ళేవి. దానికి 'స్టార్ట్ అండ్ పార్క్' అని పేరు కూడా ఉంది. అది ఏ నూరు శాతం? ఒక ల్యాప్ ముందుంటే బోనస్ పాయింటు వచ్చే రోజుల్లో తోటి డ్రైవర్‌ను ఒక ల్యాప్ ముందుకు వదలడం మర్యాదగా చెల్లేది. అది స్నేహమా, బేరమా? డేటోనా, టల్లడేగా లాంటి పెద్ద ట్రాక్‌లలో ఒకరినొకరు నెట్టుకుంటూ వరసగా వెళ్ళే డ్రాఫ్టింగ్ లేకపోతే రేసే లేదు, అక్కడ ఎవరు ఎవరికి సాయపడుతున్నారో గీత గీయడం ఎలా? నియమం డ్రాఫ్టింగ్ జోలికి పోలేదు, మిగతావాటిని సందర్భాన్నిబట్టి చూసుకుందామని వదిలేసింది. చేతల్ని కొలవొచ్చు, ప్రయత్నాన్ని కొలిచే త్రాసు ఎవరి దగ్గరుంది? చిక్కంతా ఇక్కడే ఉంది.

ఆ చిక్కుకు ఒక ముద్దుపేరు పెట్టాలంటే 'టైరులో గాలి' అనాలి. 2013లో వికర్స్ అడిగింది టైరు గురించే. 2022 అక్టోబరు 9న చార్లట్ రోవల్ అనే మలుపుల ట్రాక్‌లో చివరి ల్యాప్‌లో కోల్ కస్టర్ ఉన్నట్టుండి నెమ్మదించాడు. టైరు పోయిందేమో, తగ్గు తగ్గు అని క్రూ చీఫ్ రేడియోలో చెప్పాడు. వెనకనున్న కార్లు ఇరుక్కుపోతే, అదే జట్టు డ్రైవర్ చేజ్ బ్రిస్కో ముందుకు జారుకున్నాడు. ఆడియో, వీడియో, కారు నుంచి వచ్చే డేటా అన్నీ పరిశీలించి నాస్కార్ ఆ టైరు కథను కొట్టిపారేసింది. డ్రైవర్‌కూ క్రూ చీఫ్‌కూ చెరో లక్ష డాలర్ల జరిమానా, 50 పాయింట్ల కోత, క్రూ చీఫ్‌కు సస్పెన్షన్. ఈసారి అభిమానుల్లో గొణుగుడు తక్కువే. కారు ఎక్కడ, ఎంత వేగం తగ్గిందో అంకెల్లో కనబడుతోంది కదా.

దీనికి పూర్తిగా ఎదురు ముచ్చట మూడు వారాల తర్వాత మార్టిన్స్‌విల్‌లో జరిగింది. అర మైలు పైచిలుకు ఉన్న చిన్న ట్రాక్. చివరి ల్యాప్‌లో రాస్ చాస్టెయిన్ ఐదో గేరు వేసి, యాక్సిలరేటర్ నొక్కిపట్టి, కారును బయటి గోడకు ఆనించి వదిలేశాడు. అందరూ బ్రేకు వేసే మలుపులో అతను గోడను రాసుకుంటూ దూసుకుపోయాడు. పదో స్థానం నుంచి ఐదుకు చేరి, డెనీ హామ్లిన్‌ను టైటిల్ పోరు నుంచి బయటికి నెట్టాడు. చిన్నప్పుడు వీడియో గేమ్‌లో చేసిన పని అది అని తర్వాత చెప్పాడు. జనం ఊగిపోయారు. నూరు శాతం ప్రయత్నమంటే ఇదే మరి! నాస్కార్ మాత్రం భద్రత పేరుతో 2023 నుంచి దానికి శిక్ష తప్పదంది. గోడకు ఆవలే ప్రేక్షకులుంటారు కాబట్టి ఆ మాటలో న్యాయముంది. అయినా కష్టపడితే తప్పు, కష్టపడకపోతే తప్పు అని జోకులు పేలాయి.

ఆ రెండు నియమాలూ ఒకే సాయంత్రం ఢీకొన్నది 2024 నవంబరు 3న, మళ్ళీ మార్టిన్స్‌విల్‌లోనే. టైటిల్ తేలే ఆఖరి రేసుకు వెళ్ళే నలుగురిలో మిగిలిన ఒక్క చోటు కోసం షెవర్లే నడిపే విలియం బైరన్, టొయోటా నడిపే క్రిస్టఫర్ బెల్ పాయింట్లలో కొట్టుమిట్టాడుతున్నారు. చివరి ల్యాప్‌లలో బైరన్ వెనక రెండు షెవర్లేలు, చాస్టెయిన్‌దీ ఆస్టిన్ డిలన్‌దీ, జంట ఎడ్లలా పక్కపక్కనే కదిలాయి. బైరన్‌ను దాటవు, వెనకున్న ఫోర్డ్‌ను దాటనివ్వవు. ఇంకోవైపు టొయోటా నడిపే బబ్బా వాలెస్ టైరు పోతోందని రేడియోలో చెప్పి నెమ్మదించాడు. మళ్ళీ టైరే! బెల్ అతన్ని దాటాడు, అదుపు తప్పి గోడకు తగిలి, గోడ వెంబడే గీత దాటాడు. పాయింట్లు సమానం. టై బ్రేకర్ ప్రకారం బెల్‌దే చోటు అనుకుంటుండగా, దాదాపు అరగంట చర్చ తర్వాత గోడ నియమం కింద అతని స్థానం తగ్గించి బైరన్‌ను పంపారు.

రెండు రోజులకు మిగతా శిక్షలు వచ్చాయి. చాస్టెయిన్, డిలన్, వాలెస్ ముగ్గురికీ, వాళ్ళ మూడు జట్లకూ లక్షేసి డాలర్లు, మొత్తం 6 లక్షలు. తలా 50 పాయింట్లు పోయాయి. క్రూ చీఫ్‌లూ స్పాటర్లూ, జట్టుకొక అధికారీ ఆఖరి రేసుకు సస్పెండ్. వాలెస్ జట్టు సహ యజమానుల్లో బాస్కెట్‌బాల్ దిగ్గజం మైకేల్ జోర్డన్ ఒకరు కాబట్టి రేసులు చూడనివాళ్ళ దాకా కూడా వార్త పాకింది.

అభిమానులు మాత్రం శిక్ష పడ్డవాళ్ళను వదిలేసి వేరే ప్రశ్న వేశారు. ముగ్గురు డ్రైవర్లూ వేర్వేరు జట్లవాళ్ళు. సాయం పొందినవాళ్ళ జట్లు ఇంకా వేరు. కలిపిన దారం కారు కంపెనీ ఒక్కటే. మరి కంపెనీ మీద కేసేదీ? అప్పటిదాకా నియమ పుస్తకంలో కంపెనీలను పట్టుకునే కొక్కెం సరిగ్గా లేదు. 2025 సీజన్‌కు దాన్ని చేర్చారు: ఫలితాన్ని తారుమారు చేయడంలో తయారీదారు చెయ్యి ఉందని తేలితే వాళ్ళ కంపెనీ పాయింట్లు కోయొచ్చు, విండ్ టన్నెల్ (కారుకు గాలి తగిలే తీరు చూసే సొరంగం) పరీక్షల సమయం లాంటివి తగ్గించొచ్చు. కంపెనీకి లక్ష డాలర్లు టీ ఖర్చు, పరీక్షల గంటలు పోతే నిజంగా నొప్పి. ఈ భాగం బుర్ర పెట్టి రాసిందేనని ఒప్పుకోవాలి.

చార్లట్ చుట్టుపక్కల బ్యాంకు, ఐటీ ఉద్యోగాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్ళకు ఈ జట్ల వర్క్‌షాపులు కారులో కాసేపటి దూరమే. అక్కడ రేసు గురించి మాట కలిపితే రెండు రకాల వాళ్ళు తగులుతారు. ఒకరు, ఆనాడు గెలుపుకు విలువుండేది, ఇప్పుడంతా కాలిక్యులేటర్ అనేవాళ్ళు. రెండోవాళ్ళు, నియమాలు ఎన్నైనా పెట్టండి, అందరికీ ఒకేలా పెట్టండి అనేవాళ్ళు. రెండోవాళ్ళకు కోపం తెప్పించేవి రెండు ఘటనలు పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు. 2015లో మార్టిన్స్‌విల్‌లో ఎన్నో ల్యాప్‌లు వెనకబడిన మాట్ కెన్సెత్, ముందున్న లొగానోను పాత పగతో గోడకు కొట్టాడు. స్టాండ్లలో పండగ! నాస్కార్ రెండు రేసుల సస్పెన్షన్ వేసింది. (ఆ రేసు గెలిచి ఫైనల్‌కెళ్ళింది ఎవరనుకున్నారు, 2013లో పదమూడోవాడిగా చేరిన గోర్డనే.) 2024 ఆగస్టులో రిచ్‌మండ్‌లో, పాయింట్లలో 32వ స్థానంలో ఉన్న డిలన్ చివరి మలుపుల్లో లొగానోను తిప్పి, హామ్లిన్‌ను వెనక మూల కొక్కేసి గోడకు పంపి గెలిచాడు. గెలుపు ఉంచారు, దాంతో వచ్చే ప్లేఆఫ్ (చేజ్‌కు తర్వాత పెట్టిన పేరు) టిక్కెట్టు లాగేసుకున్నారు. గెలుపు చెల్లితే టిక్కెట్టు చెల్లదా, టిక్కెట్టు చెల్లకపోతే గెలుపెలా చెల్లిందని ఇరువైపులవాళ్ళూ నిలదీశారు.

డిలన్ అంత తెగింపుకు కారణం మనిషి స్వభావం ఒక్కటే కాదు. 2014 నుంచి 2025 దాకా ఒక్క గెలుపు ఉంటే చాలు, ప్లేఆఫ్‌లోకి వెళ్ళిపోయే వీలుండేది. మూడేసి రేసులకొకసారి నలుగురిని ఏరేయడం, ఆఖరి రోజు నలుగురిలో ముందొచ్చినవాడికి కిరీటం. ఇలాంటి పద్ధతిలో 32వవాడికి అదొక్కటే దారి. మార్టిన్స్‌విల్‌లో ఒక్క స్థానానికి అంత ధర ఉంది కాబట్టే అది అమ్ముడుపోయింది. పిండి కొద్దీ రొట్టె. పాత డ్రైవర్ మార్క్ మార్టిన్ లాంటివాళ్ళు సీజన్ 36 రేసుల మొత్తం పాయింట్లే లెక్కించండి అని పట్టుబట్టింది ఇందుకే. 2024లో లొగానో సగటున 17వ స్థానంలో ముగించి కూడా చాంపియన్ కావడం, 2025 ఫీనిక్స్ ఫైనల్‌లో 208 ల్యాప్‌లు ముందున్న హామ్లిన్ చివర్లో పడ్డ ఒక్క పసుపు జెండాతో టైటిల్ పోగొట్టుకోవడం, ఒక్క ల్యాప్ కూడా ముందుండని కైల్ లార్సన్‌కు అది దక్కడం వాళ్ళ వాదనకు నెయ్యి పోశాయి.

2026 జనవరిలో నాస్కార్ దిగివచ్చింది. ఏరివేతలు తీసేసింది, గెలిస్తే నేరుగా ప్లేఆఫ్ అన్నదీ తీసేసింది. పాత పేరు 'చేజ్' తిరిగొచ్చింది. మొదటి 26 రేసుల పాయింట్లతో 16మంది, ఆపై పది రేసుల మొత్తం. గెలుపుకు మాత్రం 40 బదులు 55 పాయింట్లు. 36 రేసుల లెక్క కోరినవాళ్ళకు ఇది సగం అన్నమే, అయినా చాలామంది పన్నెండేళ్ళ తర్వాత తృప్తిగా తిన్నారు. నూరు శాతం నియమం పుస్తకంలో అలాగే ఉంది, దాని అవసరం కొంత తగ్గించింది మాత్రం ఈ పాయింట్ల మార్పే.

కొంతే. 26వ రేసు రాత్రి పదహారో స్థానానికీ పదిహేడో స్థానానికీ మధ్య గీత ఇంకా ఉంది. రిచ్‌మండ్‌లో బోయర్ కారు తిరిగిందీ 26వ రేసులోనే. ఆ రాత్రి ఆఖరి ల్యాప్‌లలో టైరు గురించి ఎవరు మాట్లాడతారా అని స్టాండ్లలో స్కానర్ చానళ్ళు తిప్పేవాళ్ళు తప్పక ఉంటారు.